ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చేలోగా: డెల్టా రైస్‌మిల్లులో తనిఖీకి ఎలా సిద్ధం కావాలి

గోదావరి డెల్టాలో మండపేట నుంచి తణుకు, భీమవరం దాకా ఏ రైస్‌మిల్లులోనైనా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నారన్న కబురు అందగానే మొదట కదిలేది సున్నం బకెట్టు. ఆ పని దండగ అనను. సున్నం వేసిన గోడలకు 14 నెలలకోసారైనా మళ్లీ సున్నం పడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. వచ్చే అధికారి గోడల తెలుపు చూసి మురిసి వెళ్లిపోరు. మీ రిజిస్టర్లు చెబుతున్నదీ, మిల్లు నేల మీద జరుగుతున్నదీ ఒకటేనా అని చూస్తారు. తేడా కనబడ్డ ప్రతిచోటా ఒక ప్రశ్న పుడుతుంది. కాబట్టి సిద్ధం కావడమంటే ఆ తేడాలను మీరే ముందుగా వెతికి పట్టుకోవడం.

ఇరవై నుంచి వందమంది దాకా పనిచేసే మామూలు మిల్లును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల షెడ్లు నడిపేవారికి విడిగా చెప్పాల్సిన సంగతి మధ్యలో వస్తుంది.

మొదటి పని: మనుషుల్ని లెక్కపెట్టండి

"మాది చిన్న మిల్లండీ, ఎనిమిది మందే" అన్న మాట చాలాచోట్ల వినబడుతుంది. ఆ ఎనిమిది మందిలో హమాలీలు ఉండరు. బీహార్ నుంచి వచ్చి మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉంటున్నవారు ఉండరు. ఊక ఎత్తేవారు, గచ్చు మీద ధాన్యం తిరగేసే ఆడవాళ్లు ఉండరు. చట్టం దృష్టిలో వీళ్లంతా కార్మికులే. కాంట్రాక్టరు పంపాడనో, మేస్త్రి తెచ్చాడనో, కూలి బస్తా లెక్కన ఇస్తామనో చెబితే కుదరదు.

పాత చట్టం ప్రకారం కరెంటు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. గడచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజున అంతమంది పనిచేసినా చాలు. అంటే దాళ్వా (రబీ) ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరిన ఏప్రిల్ చివరి రోజును లెక్కలోకి తీసుకుంటారు తప్ప, ఖాళీగా ఉన్న ఆగస్టు రోజును కాదు. ఇరవైకి ఒకరు తక్కువ చూపించి బయటపడదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. బాయిలర్ చట్టానికీ, విద్యుత్ భద్రత నిబంధనలకూ తలల లెక్కతో పనిలేదు. ఏదైనా జరిగినప్పుడు ఆస్పత్రి చీటీలో ఉన్న పేరు మీ మస్టరులో (హాజరు పట్టీలో) లేకపోతే వచ్చే చిక్కు అసలు ప్రమాదం కంటే పెద్దదవుతుంది.

మస్టరు రాసేవారు సాయంత్రం ఒక్కసారే కూర్చుని అందరికీ హాజరు వేసేస్తున్నారేమో చూడండి. ఉదయం పదింటికి వచ్చిన అధికారికి ఆనాటి గడి ఖాళీగా కనబడితే ముందటి నెలంతా అలాగే రాశారని అర్థమైపోతుంది.

రెండో పని: కాగితాలన్నీ ఒకేచోటికి చేర్చండి

ఒకటి ఆడిటరు దగ్గర, ఒకటి యజమాని ఇంటి బీరువాలో, ఒకటి బాయిలర్ రూములో మేకుకు వేలాడుతూ ఉంటే తనిఖీ రోజున సగం సమయం ఫోన్లతోనే గడిచిపోతుంది. ఒక మందపాటి ఫైలు పెట్టండి. ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు, ఆమోదం పొందిన నక్షా, భవనం గట్టిగా ఉందని ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రం, బాయిలర్ ధ్రువపత్రం, బాయిలర్ నడిపేవారి అర్హత పత్రం, చైన్‌పుల్లీలూ ఎత్తే గొలుసులూ పరీక్షించిన నివేదికలు, అగ్నిమాపక అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, జీతాల, సెలవుల, ఓవర్‌టైము రిజిస్టర్లు, ప్రమాదాల రిజిస్టరు. కొత్త కోడ్ వచ్చాక ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నిర్దేశించిన వయసు దాటినవారికి ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలి. ఈ రెండూ మన మిల్లుల్లో ఇంకా అలవాటు కాలేదు కాబట్టి అడిగే అవకాశం ఎక్కువ.

ఈ ఫైలులో రెండు కాగితాలను మాత్రం ఊరికే పెట్టేయకుండా చదవండి.

మొదటిది నక్షా. మిల్లు కట్టినప్పుడు గీయించింది. ఆ తర్వాత మీరు ఒక డ్రయ్యర్ పెట్టారు, గోదాముకు రేకుల వరండా దింపారు, కలర్ సార్టెక్స్ (రంగు మారిన గింజల్ని ఏరే యంత్రం) కోసం ఏసీ గది కట్టారు. నక్షాలో ఇవేవీ లేవు. అధికారి నక్షా చేతిలో పట్టుకుని నడిస్తే ఐదు నిమిషాల్లో బయటపడే తేడా ఇది. సవరించిన నక్షాకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు ఫైలులో ఉంచండి. ఆమోదం ఇంకా రాకపోయినా మీరు దాచలేదన్న సంగతి రసీదు చెబుతుంది.

రెండోది చిరునామా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది, కోనసీమ, కాకినాడ కొత్తగా వచ్చాయి. లైసెన్సు మీద పాత జిల్లా, కరెంటు బిల్లు మీద కొత్త జిల్లా, బోర్డు మీద ఏదీ లేకుండా నడుస్తున్న మిల్లులు ఉన్నాయి. ఇది నేరమేమీ కాదు. కానీ ప్రమాదం గురించి పంపాల్సిన నోటీసు తప్పు కార్యాలయానికి పోయే వీలుంది. మీ మండలం ఇప్పుడు ఏ కార్యాలయం కిందకు వస్తుందో కనుక్కుని, ఆ ఫోను నంబరు ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

మూడో పని: ధాన్యం నడిచే దారిలో నడవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మిల్లు ఆగి ఉన్నప్పుడు కాదు, నిండుగా నడుస్తున్నప్పుడు నడవండి. లారీ దిగినచోట మొదలుపెట్టి బియ్యం లారీ ఎక్కేచోట ఆపండి. చేతిలో ఒక చిన్న పుస్తకం, ఫోనులో కెమెరా చాలు. మీతో ఫిట్టరునో ఎలక్ట్రీషియన్‌నో తీసుకెళ్లండి, యజమానిని మాత్రం వద్దు. యజమాని వెంట ఉంటే అడిగిన ప్రతిదానికీ "బానే ఉందండీ" అన్న జవాబే వస్తుంది.

ధాన్యం పోసే గొయ్యి దగ్గర ఆగండి. పైన ఇనుప జల్లెడ ఉందా, ధాన్యం తొందరగా జారాలని రెండు చువ్వలు విరిచేశారా? పక్కనే ఎలివేటర్ గొయ్యి ఉంటుంది. డెల్టాలో దీనికో ప్రత్యేకత ఉంది. మన నేలలో రెండు మూడు మీటర్లు తవ్వితే నీళ్లు ఊరతాయి. కాలువలకు నీళ్లు వదిలాక, వానాకాలంలో, గొయ్యి అడుగున మోకాలి లోతు నీరు చేరుతుంది. దాన్ని తోడటానికి చిన్న మోటారు దింపుతారు. ఆ మోటారు వైరు అతుకుల మీద అతుకులతో, ఇన్సులేషన్ టేపు ఊడి, తడి గోడకు ఆనుకుని ఉంటుంది. ఎలివేటర్ బకెట్లలో ధాన్యం ఇరుక్కుంటే కుర్రాడు చెప్పులు కూడా లేకుండా ఆ నీళ్లలోకే దిగుతాడు. మొత్తం మిల్లులో ఒక్కచోటే బాగుచేయడానికి మీకు వీలుందంటే అది ఇక్కడే చేయండి. అతుకు లేని కేబులు, లీకేజీ కరెంటు రాగానే సరఫరా తెంపేసే బ్రేకరు, దిగడానికి బిగించిన నిచ్చెన, పైన గట్టి మూత. ఇన్‌స్పెక్టర్ వచ్చినా రాకపోయినా ఇవి ఉండాలి.

తర్వాత బెల్టులు, పుల్లీలు, షాఫ్టులు. మనిషి చేయి, బట్ట, జుట్టు అందేచోట తిరిగే ప్రతిదానికీ గార్డు ఉండాలి. ఇది చట్టంలో చాలా పాత, చాలా ఖచ్చితమైన నిబంధన. ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగకండి, బోల్టులు చూడండి. ఒక మిల్లులో పాలిషర్ గార్డుకు పచ్చరంగు తళతళలాడుతోంది, తడి ఇంకా ఆరలేదు. వచ్చిన అధికారి దాన్ని మెచ్చుకోలేదు, విసుక్కోలేదు. వంగి బోల్టు రంధ్రంలో వేలు పెట్టారు. వేలికి గట్టిపడిన తవుడూ తుప్పూ అంటుకున్నాయి. ఆ గార్డు నెలల తరబడి గోడకు ఆనించి ఉండి ఆనాటి ఉదయమే తీగతో కట్టారని చెప్పడానికి ఇంకో సాక్ష్యం అవసరం లేదు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి బోల్టులు ఇంకా త్వరగా తుప్పు పడతాయి. గ్రీజు పూసి, విప్పడానికి వీలుగా ఉంచండి. గార్డు విప్పడం కష్టమైతే శుభ్రం చేసేవాడు ఒకసారి విప్పినదాన్ని మళ్లీ పెట్టడు.

యంత్రం తిరుగుతుండగా షాఫ్టులకు నూనె వేయడం, బెల్టు సరిచేయడం వంటి పనులను శిక్షణ పొందిన మగ కార్మికుడే, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుని, రిజిస్టరులో పేరు నమోదయ్యాకే చేయాలని 1948 చట్టం చెప్పింది. తిరుగుతున్న షాఫ్టు కింద చీర కొంగుతో తవుడు ఊడ్చే దృశ్యం ఏ అధికారి కంటబడినా తనిఖీ స్వరం మారిపోతుంది. ఊడ్పుకు యంత్రాలు ఆగే వేళను నిర్ణయించండి. మరమ్మతుకు ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకునే పాత ఫిట్టర్ల అలవాటు నిజానికి చాలా మంచిది. దానికి ఒక తాళం, "మనిషి లోపల ఉన్నాడు" అన్న రేకుబోర్డు కలిపితే సరిపోతుంది. తాళంచెవి లోపల ఉన్నవాడి దగ్గరే ఉండాలి, సూపర్‌వైజరు దగ్గర కాదు.

ఉప్పుడు బియ్యం మిల్లయితే నానబెట్టే తొట్లు, ఆవిరి గొట్టాలు, బాయిలర్ వస్తాయి. ఆవిరి గొట్టం మీద చుట్టిన పూత ఊడిపోయి చేయి కాలేచోట్లు గుర్తించండి. బాయిలర్‌ను ఏటా తెరిచి, చల్లార్చి, శుభ్రం చేయించి చూపించాల్సింది బాయిలర్ల ఇన్‌స్పెక్టర్‌కు. ఆయన వేరు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వేరు. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా ఆ తేడా ఉంది. అయినా నడుస్తున్న బాయిలర్ దగ్గర ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కూడా కచ్చితంగా ఆగుతారు. ధ్రువపత్రంలో రాసిన గరిష్ఠ పీడనం, గేజీ మీద గీసిన ఎర్రగీత ఒకే అంకె దగ్గర ఉన్నాయా? నీటిమట్టం చూపే రెండు గాజు గొట్టాలూ కనబడుతున్నాయా, ఒకటి మసిబారి మూసుకుపోయిందా? సేఫ్టీ వాల్వుకు ఎవరైనా బరువు వేలాడదీశారా, తీగతో బిగించారా? ఆ సమయంలో అక్కడ ఉన్న మనిషి అర్హత పత్రం ఉన్నవాడేనా, అతడు టీ తాగడానికి వెళ్తే ఊక ఎత్తేవాడు చూసుకుంటున్నాడా? చివరి ప్రశ్నకు రాత్రి షిఫ్టులో ఒకసారి వెళ్లి జవాబు తెలుసుకోండి.

సార్టెక్స్ యంత్రం గాలితో పనిచేస్తుంది కాబట్టి దాని వెనక కంప్రెసరు, గాలి నిలవ ఉంచే ట్యాంకు ఉంటాయి. ఆ ట్యాంకు కూడా పీడనంతో నడిచే పాత్రే. దానికీ నిర్ణీత కాలానికోసారి అర్హుడైన వ్యక్తి పరీక్ష, నివేదిక ఉండాలి. మిల్లుల్లో అందరూ మరిచిపోయేది ఇదే.

గోదాములోకి వెళ్లండి. బస్తాల నెట్టు నిలువుగా, గోడకు ఆనించి, పైకప్పు దూలాన్ని తాకేలా వేశారా? నెట్లు కూలి హమాలీలు నలిగిపోయిన వార్తలు మనకు కొత్త కాదు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు మెట్లుగా లోపలికి జరుపుతూ వేయించండి. గోడకూ నెట్టుకూ మధ్య మనిషి నడిచే సందు, నెట్లమధ్య నిప్పు పడితే చేరుకునే దారి ఉంచండి. దిగుబడిని ఇప్పటికీ 75 కిలోల బస్తాల్లోనే చెప్పుకునే ప్రాంతం మనది. కానీ ఒక్క మనిషి మోసే బరువుకు నిబంధనల్లో పరిమితి ఉంది. ఆడవాళ్లకు అది ఇంకా తక్కువ. చిన్న సంచులు, ట్రాలీలు వాడితే ఈ ప్రశ్నే రాదు.

కరెంటు ప్యానెల్ గది ముందు రబ్బరు చాప, గోడ మీద షాక్ తగిలినవారికి చేయాల్సిన చికిత్స పట్టిక, తెలుగులో ప్రమాద సూచిక ఉండాలి. ఆ గదిలో ఖాళీ గోనెసంచులు పెట్టకూడదు. ఎలుకలు వైర్లు కొరికేది కూడా అక్కడే. మంటలార్పే సిలిండర్ల మీద గేజీ ముల్లు పచ్చరంగులో ఉందా, చీటీ మీద తేదీ దాటిందా, సిలిండరు ముందు తవుడు బస్తాలు పేర్చారా? నీళ్లతో ఆర్పేది కరెంటు ప్యానెల్ దగ్గర పెట్టకూడదని మీ వాళ్లకు తెలుసా?

తాగునీటి కుళాయి మరుగుదొడ్డికి ఆరు మీటర్లలోపు ఉండకూడదు. చెయ్యి కడుక్కునే చోటు, సబ్బు, ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి, దానికి లోపలి గడియ. వీటి గురించి ఎక్కువ రాయనవసరం లేదు, ఒకసారి స్వయంగా వాడి చూస్తే తెలుస్తుంది. ప్రథమ చికిత్స పెట్టె ఎలాగూ ఉంటుంది. కానీ దానికి తాళం వేసి, ఆ తాళంచెవి గుమస్తా జేబులో, గుమస్తా బ్యాంకులో ఉంటే పెట్టె ఉన్నట్టా లేనట్టా?

ఇంకొకటి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు మిల్లు గచ్చు మీదే తిరుగుతుంటారు. ఆడుకుంటున్నాడని మీరంటారు. అధికారికి చేతిలో చీపురు పట్టుకున్న పన్నెండేళ్ల కుర్రాడు కనబడతాడు. ఆ తర్వాత మీరు చెప్పేది ఎవరూ వినరు. పిల్లలు ఉండే చోటుకూ యంత్రాలున్న చోటుకూ మధ్య గేటు పెట్టించండి. దగ్గర్లోని బడిలో చేర్పించడానికి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడితే ఇంకా మంచిది.

తొట్లు, ట్యాంకులు, అమ్మోనియా

ఇది మిల్లు కంటే రొయ్యల షెడ్లకు, ఐస్ ఫ్యాక్టరీలకు ఎక్కువ వర్తిస్తుంది. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలోని ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో వ్యర్థజలాల ట్యాంకు దగ్గర విషవాయువుకు ఐదుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కుళ్లిన వ్యర్థాలున్న ట్యాంకులో గాలి పైకి మామూలుగానే ఉంటుంది. దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయి రెండోవాడు పడతాడు. అందుకే ట్యాంకులోకి దిగే ప్రతిసారీ రాతపూర్వక అనుమతి, ముందుగా గాలి పరీక్ష, నడుముకు తాడు, పైన కదలకుండా నిలబడే మనిషి ఉండాలి. ఇవేవీ లేకుండా "ఎప్పుడూ దిగుతూనే ఉన్నాం" అన్న జవాబు ఇస్తే అది మీ మీద మీరే చెప్పుకున్న సాక్ష్యం. మిల్లుల్లో ధాన్యం బిన్నులకూ ఇదే వర్తిస్తుంది. కింద ధాన్యం జారుతుండగా పైనుంచి గడ్డకట్టిన ధాన్యం పొడవడానికి దిగినవాడు క్షణాల్లో కూరుకుపోతాడు.

అమ్మోనియా యంత్రాల గదిలో శ్వాసకు వాడే పరికరం గది లోపల వేలాడుతుంటుంది. వాయువు లీకైతే దాన్ని తెచ్చుకోవడానికి ఎవరు వెళ్తారు? తలుపు బయట పెట్టండి. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం కప్పు మీద కట్టండి, గాలికి అడ్డంగా పరుగెత్తి దూరం కావాలని అందరికీ నేర్పండి. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది కాబట్టి నీటి తుంపర వసతి, కళ్లు కడుక్కునే కుళాయి తప్పనిసరిగా దగ్గర్లో ఉండాలి. ఏ వాల్వు దేన్ని ఆపుతుందో చెప్పే రేకుబిళ్లలు తుప్పుపట్టి చదవలేకుండా ఉంటే కొత్తవి వేయించండి.

నాలుగో పని: మీ వాళ్లతో మాట్లాడండి, చిలకపలుకులు నేర్పకండి

అధికారికి కార్మికులను విడిగా అడిగే అధికారం ఉంది. అడుగుతారు కూడా. "ఎనిమిది గంటలే పని అని చెప్పండి" అని ముందురోజు అందరికీ పాఠం చెప్పిన మిల్లుల్లో ఆ పాఠం అందరి నోటా ఒకే మాటలతో వస్తుంది, అప్పుడే అనుమానం మొదలవుతుంది. దానికి బదులు మూడు ప్రశ్నలు ఎవరిని ఆపినా జవాబు రావాలి: నీ పక్కనున్న యంత్రం ఏ స్విచ్ నొక్కితే ఆగుతుంది, మంట వస్తే ఎటు పరుగెత్తాలి, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి. నోటీసులు ఇంగ్లిషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 చట్టం చెప్పింది. మీ షిఫ్టులో సగంమంది హిందీ మాత్రమే చదవగలిగితే తెలుగు బోర్డు సరిపోదు, చదవనివారికి బొమ్మలు కావాలి.

ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలి. దాళ్వా రోజుల్లో పన్నెండు గంటలు పనిచేయించి రిజిస్టరులో ఎనిమిది రాస్తే, కరెంటు మీటరు రీడింగూ, బియ్యం బస్తాల లెక్కా మీకు ఎదురు సాక్ష్యం చెబుతాయి. దాచినది ఎప్పుడూ ఇలాంటి పక్క లెక్కల్లోనే దొరుకుతుంది.

చిన్న ప్రమాదాల గురించి కూడా ఇక్కడే. దెబ్బతగిలి 48 గంటలు, ఆపైన పనికి రాలేకపోయిన ప్రతి సందర్భాన్నీ తెలియజేయాలి, మరణమైతే వెంటనే. "ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం, గొడవ లేదు" అనుకోవద్దు. ఈఎస్ఐ కాగితాల్లో కనబడిన వేలు తెగిన కేసు మీ ప్రమాదాల రిజిస్టరులో లేకపోతే ఆ ఒక్క ఖాళీ మిగతా రిజిస్టరంతటినీ అనుమానంలో పడేస్తుంది.

తనిఖీ రోజు

ఇప్పుడు ఎవరు ఏ కర్మాగారానికి వెళ్లాలో కంప్యూటరే ఎంపిక చేసే పద్ధతి వచ్చింది. ప్రమాదమో ఫిర్యాదో ఉంటే చెప్పకుండానే వస్తారు. జీపు గేటులోకి రాగానే మిల్లు ఆపించకండి. హఠాత్తుగా ఆగిన మిల్లు మౌనం చాలా విషయాలు చెబుతుంది. వెనక గేటునుంచి మనుషుల్ని పంపించడం అంతకంటే తప్పు. సరుగుడు తోపు చాటున నిలబడ్డ పదిమందిని ఎవరైనా చూస్తారు.

గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగండి, అది మీ హక్కు. మంచినీళ్లు, కాఫీ ఇవ్వండి. వారి వెంట నడవడానికి మేనేజరు, యంత్రాల గురించి చెప్పడానికి ఫిట్టరు, కాగితాలు తేవడానికి గుమస్తా చాలు. పదిమంది గుంపుగా వెంటపడి తలోమాటా చెబితే ఒకరు కట్టింది ఇంకొకరు విప్పుతారు. అధికారికీ హెల్మెట్, చెవులకు రక్షణ ఇవ్వండి. మీ యార్డులో హెల్మెట్ నిబంధన ఉందని చెప్పే బోర్డు పెట్టి మీరే పెట్టుకోకుండా నడవకండి.

అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియకపోతే "కనుక్కుని చెబుతాను" అనండి, అది తప్పు కాదు. అబద్ధం చెబితే మాత్రం రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతుంది. తనపై తానే నేరం మోపుకునే జవాబు ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదని పాత చట్టంలోనే ఉంది. అలాగని పత్రాలు దాచడం, దారి అడ్డగించడం వేరే నేరం. వాదించాలనిపిస్తే ఆగండి. "ఇది ఏ నిబంధన కింద వస్తుందండీ, ఎలా సరిచేస్తే సరిపోతుంది?" అని అడగండి. చాలామంది అధికారులు మిల్లుల గురించి మనకంటే ఎక్కువే చూసి ఉంటారు, మంచి సలహా ఉచితంగా దొరుకుతుంది. వారు ఆగిన ప్రతిచోటా మీరూ మీ పుస్తకంలో ఆ చోటు పేరు రాసుకోండి, ఫొటో తీసుకోండి. అప్పటికప్పుడు ప్రమాదమని చెప్పిన యంత్రాన్ని అక్కడే ఆపించండి. "ఈ లోడు అయ్యాక" అనవద్దు.

కవరు సంగతి. ఇవ్వజూపినవారూ నేరస్థులేనని 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం స్పష్టంగా చెబుతోంది. ఎవరైనా బలవంతపెడితే ఏడు రోజుల్లోగా అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెబితేనే మీకు రక్షణ. నంబరు 1064. ఇక్కడ ఒక లౌకికమైన మాట కూడా ఉంది: కవరుతో మూయించిన ఎలివేటర్ గొయ్యి వచ్చే వానాకాలంలోనూ తెరిచే ఉంటుంది.

వెళ్లేముందు గమనించిన విషయాలను ఒకసారి చదివి వినిపించమని కోరండి. మీకు అర్థం కానిది అప్పుడే అడగండి.

ఆ తర్వాత

తనిఖీ నివేదికను 48 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది ఈ కంప్యూటరు ఎంపిక పద్ధతిలోని నియమం. అది వచ్చేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే మీ పుస్తకంతో కూర్చోండి. ప్రతి లోపం పక్కన దాన్ని సరిచేసే మనిషి పేరు, తేదీ రాయండి. ఒకరోజులో అయ్యేవి, ఒక వారంలో అయ్యేవి, వెల్డరునో కాంట్రాక్టరునో పిలవాల్సినవి వేరుచేయండి. ముందు మొదటివి పూర్తిచేస్తే మిగతా వాటికి గడువు అడిగే మొహం మీకుంటుంది.

నోటీసు వస్తే జవాబు అంశాలవారీగా రాయండి. "సరిచేశాం" అని ఒకే వాక్యంలో తేల్చేయకండి. మూడో అంశం, ఎలివేటర్ గొయ్యి మూత, ఫలానా తేదీన బిగించాం, ముందు ఫొటో, తర్వాత ఫొటో, కొన్న బిల్లు జతచేశాం. ఇలా ఉండాలి. ఫొటో అదే కోణంలో తీస్తే పక్కనున్న స్తంభమో గోడమీద మచ్చో రెండింట్లోనూ కనబడి అనుమానానికి తావుండదు. సమయం చాలకపోతే గడువు ముగియకముందే కారణం చెబుతూ రాతపూర్వకంగా అడగండి. ముగిశాక అడిగితే అది సంజాయిషీ అవుతుంది.

నోటీసులో రాసింది వాస్తవం కాదనిపిస్తే నోటితో గొడవపడనవసరం లేదు. పాత చట్టం కింద ఇన్‌స్పెక్టర్ రాతపూర్వక ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మీ ఉత్తర్వు ఏ చట్టం కింద ఇచ్చారో, ఎన్ని రోజుల గడువు రాశారో ముందు చదివి, అందిన తేదీని కవరు మీదే రాసి, ఆ కవరును కూడా ఫైలులో పెట్టండి. గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.